అమ్మ తలకు పెట్టిన టోనర్

బెజవాడ పటమటలో నా పార్లర్‌కి వచ్చే ఆడపిల్లలకి నేను ముందుగా చెప్పే మాట ఒకటే. నీ ఫోన్‌లో ఉన్న రంగు సీసాలో దొరకదు. వాళ్ళు నమ్మరు. ఫోన్ తెచ్చి నా ముక్కుకి ఆనించి, "ఇదే కావాలాంటీ, యాష్ కలర్" అంటారు. కిందటేడు ఒక పిల్ల ఇంట్లో ట్యూషన్ అని అబద్ధం చెప్పి మరీ వచ్చింది. వాళ్ళమ్మ అదే వారంలో వచ్చి, పాపిట్లో నెరిసిన నాలుగు వెంట్రుకలకి నలుపు వేయించుకుని పోయింది. కూతురికి బూడిద రంగు కావాలి, తల్లికి అదే వద్దు. నాకేం, ఇద్దరూ నా కుర్చీలోనే కూర్చుంటారు.

మన జుట్టు నలుపు. బ్లీచ్ పెట్టగానే ఆ నలుపు ఒక్కసారిగా దిగిపోదు. ముందు ఎరుపు తేలుతుంది, తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు. ఓపిక పట్టి, తెగకుండా దింపుకుంటూ వస్తే చివరికి అరటిపండు తొక్క లోపలి రంగు వస్తుంది. ఇంకా తెల్లగా చేద్దామని ఆశపడితే జుట్టే చేతిలోకి ఊడి వస్తుంది. సరిగ్గా ఆ పసుపు దగ్గర కస్టమర్ అద్దంలో చూసుకుని ఏడుపు ముఖం పెడుతుంది. టోనర్ పని అక్కడ మొదలవుతుంది. టోనర్ జుట్టుని తెల్లబరచదు. ఉన్న పసుపుని అణుస్తుంది, అంతే. పసుపుకి ఊదా విరుగుడు, నారింజకి నీలం విరుగుడు. ఆ ఊదానో నీలాన్నో రంగు పట్టించే తేలికపాటి డెవలపర్‌లో కలిపి, తడి జుట్టుకి రాసి, ఇరవై నిమిషాలు ఉంచి కడిగేస్తే పసుపు కనపడకుండా పోతుంది. పూర్తిగా పోయిందని మాత్రం అనుకోకూడదు. నెల తిరిగేసరికి తలస్నానాలకి టోనర్ కరిగిపోయి, కింద ఉన్నది మళ్ళీ తొంగిచూస్తుంది. అందుకే నేను, "ఇది సొంతిల్లు కాదమ్మా, అద్దిల్లు" అని ముందే చెప్పేస్తాను.

పదేళ్ళుగా చెబుతున్నాను ఈ పాఠం. అన్నీ తెలిసినమ్మ అమావాస్య నాడు చచ్చిందని సామెత. అన్నీ తెలిసిన నేను మా అమ్మ తలే పాడుచేశాను. తల ఒక్కటే అయితే ఇప్పుడిది రాసేదాన్ని కాదు.

మాది బందరు అవతల, సముద్రం ఒడ్డు. చేపల వాళ్ళం. నాన్న వేటకి పోయేవాడు, పోనిరోజు తాగి పడుకునేవాడు. అమ్మ రేవులో చేపలు వేలం పాడుకుని, గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్మేది. నాన్న పోయాక కొన్నాళ్ళకి గంప మానేసి ఎండుచేపల పనిలోకి మారింది. గుండె బాగా బలహీనపడిందని, ఎండలో పని చేయకూడదని డాక్టరు చెప్పాక పోయినేడాది నా దగ్గరికి తీసుకొచ్చాను. ఇంట్లో ఉండేది నేనూ అమ్మే. పొద్దున నేను పార్లర్‌కి వచ్చేటప్పుడు వెంట వచ్చేది, మెట్లు ఆగి ఆగి ఎక్కి, కిటికీ పక్కన కూర్చునేది. వచ్చే పోయే తలల్ని చూస్తూ ఉండేది. "ఇదేం పనే, దేవుడిచ్చిన నలుపు తీసెయ్యడానికి ఒకళ్ళు, దేవుడిచ్చిన తెలుపు దాచడానికి ఒకళ్ళు" అనేది. కస్టమర్లు నవ్వేవారు. నాకు మాత్రం కాస్త చురుక్కుమనేది.

అమ్మ జుట్టు మొత్తం తెల్లబడి చాలాకాలమైంది. అయితే తెలుపు అనడానికి లేదు. ఏళ్ళ తరబడి ఎండలో, ఉప్పుగాలిలో, ఎండుచేపల తిన్నెల మధ్య కూర్చుని, బోరు నీళ్ళతో తల కడుక్కుని, ఆముదం రాసుకుని, ఆ తెలుపు కాస్తా మాసిన పసుపులోకి దిగింది. రంగు వేస్తానంటే ఒక్క రోజూ ఒప్పుకోలేదు. మొగుడు పోయిన ఆడది నల్లరంగు వేసుకోకూడదనే పట్టింపు అనుకున్నాను. మా వాళ్ళలో అది పెద్ద నియమమేం కాదు, కానీ వేసుకుంటే అనేవాళ్ళు అంటారు. అమ్మ పట్టింపుకి కారణం అది కాదని నాకు తర్వాత తెలిసింది.

ఒకరోజు మా మేనత్త కోడలు ఫోన్ చేసింది. అత్త, అంటే మా నాన్న సొంత అక్క, బాత్రూములో జారిపడిందట. తుంటి ఎముక విరిగింది, ఈ వయసులో ఆపరేషన్ వద్దన్నారు, మంచంలోనే ఉంది. మా ఊరికి రెండు ఊళ్ళవతల ఉంటుంది అత్త. అమ్మకీ ఆవిడకీ మాటల్లేక చాలా ఏళ్ళయింది. నాన్న పోయినప్పుడు వచ్చింది కానీ, దూరంగా గోడవారన కూర్చుని, అమ్మని పలకరించకుండానే వెళ్ళిపోయింది.

ఆ కబురు విన్న మర్నాడు పొద్దున అమ్మ కాఫీ తాగుతూ అంది.

"నన్నొకసారి ఒదిన దగ్గరికి తీసుకుపోవే."

"తీసుకుపోతా. ఎందుకూ?"

"నేనొక మాట అన్నాను. అది వెనక్కి తీసుకోవాల."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు పెద్దవాళ్ళు. మా అమ్మ తీసుకుందామనే అనుకుంది. వచ్చే ఆదివారం వెళ్దామన్నాను. అప్పుడు అమ్మ అద్దం ముందుకి వెళ్ళి నిలబడి, తన జుట్టు ముందుకి లాక్కుని చూసుకుంది.

"ఈ తలతో ఎట్టా పోనే. ముండమోసినదాని తలకి పసుపు రాసినట్టుంది."

అలాంటి మాటలు అలవోకగా అనేస్తుంది అమ్మ. నేను కోప్పడ్డాను. కానీ ఆమె అడిగినదేమిటో అర్థమైంది. అడక్క అడక్క అడిగింది. పదేళ్ళలో ఒక్కసారి కూడా నా పనిని మెచ్చుకోని మనిషి, నా చేతికి తల అప్పగిస్తానంటోంది. నాకు గర్వంగా అనిపించింది. ఆ గర్వమే కొంప ముంచింది.

"రంగు కాదుగా?" అని అడిగింది కుర్చీలో కూర్చుంటూ.

"కాదు. నీలిమందు లాంటిది. తెల్ల పంచెలకి పెట్టేవాళ్ళం కదా, పసుపు విరగడానికి. అదే ఇదీ."

నీలిమందు అనగానే అమ్మ కుదుటపడింది. అది ఆమెకి తెలిసిన సంగతి. నాన్న పంచెలు బకెట్లో జాడించి, ఆఖరి నీళ్ళలో నాలుగు చుక్కలు వేసేది. "ఎక్కువైతే బట్ట నీలమైపోద్ది, చూసుకో మరి" అంది. నాకు పాఠం చెబుతున్నావా అన్నట్టు నవ్వి ఊరుకున్నాను.

నేనెప్పుడూ చేసే పాళ్ళలోనే ఊదా టోనర్ కలిపాను. అది సోమవారం మధ్యాహ్నం, పార్లర్‌లో ఇంకెవరూ లేరు. తల తడిపి, పాయలు తీసి, బ్రష్‌తో రాశాను. గడియారం చూసుకున్నాను. ఇరవై నిమిషాలు.

తప్పు ఎక్కడ జరిగిందో ఇప్పుడు విడమరిచి చెప్పగలను. ఈ పదేళ్ళలో నేను టోనర్ పెట్టినవన్నీ బ్లీచ్ చేసిన నల్లజుట్లు. తనంతట తాను నెరిసిన తలకి ఒక్కసారి కూడా పెట్టలేదు, ఎందుకంటే బెజవాడలో తెల్లజుట్టుని తెల్లగా ఉంచుకోవడానికి ఎవరూ పార్లర్‌కి రారు. వచ్చేవాళ్ళందరూ నలుపు వేయమనేవాళ్ళే. పైగా ఎండకీ ఉప్పుకీ గుల్లబారిన తెల్లజుట్టు రంగుని ఇట్టే పీల్చేసుకుంటుంది. దానికి రెండు మూడు నిమిషాలు చాలు. నిమిషానికోసారి ఒక పాయ తుడిచి చూసుకుంటూ ఉండాలి. చూసుకోలేదు. కొంత నా పొగరు. మిగతాది, ఆ ఇరవై నిమిషాల్లో అమ్మ మాట్లాడిన మాటలు.

"మీ మావయ్య సంవత్సరీకం గుర్తుందా?" అని మొదలుపెట్టింది.

గుర్తుంది. నేను విస్తళ్ళు వేస్తున్నాను ఆ రోజు. అత్త భర్త పోయి ఏడాది. పెరట్లో షామియానా, ఊరంతా భోజనాలకి వచ్చింది. అత్త తల నల్లగా ఉంది. కొత్తగా వేసుకున్న నలుపు, నుదురు అంచున చర్మానికి కూడా కాస్త అంటుకుంది. అప్పటికి నాన్న బతికే ఉన్నాడు, అమ్మ నుదుటన పావలా కాసంత బొట్టు ఉండేది. ఆడవాళ్ళందరూ వరసగా కూర్చున్న చోట, అత్త సాంబారు వడ్డిస్తూ వస్తుంటే, అమ్మ అందరికీ వినపడేలా అంది: "ఎవరికోసం ఒదినా ఆ నలుపు?"

ఆడవాళ్ళు నవ్వారు. అత్త చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. తర్వాత మిగిలిన విస్తళ్ళకి కూడా వడ్డించి, లోపలికి వెళ్ళి, ఆ రోజు అందరూ పోయేదాకా మళ్ళీ బయటికి రాలేదు. నేను అక్కడే ఉన్నాను. నోరు విప్పలేదు.

"ఎందుకేసుకుందో నాకు తెలుసే" అంది అమ్మ అద్దంలోకి చూడకుండా. "మొగుడు పోయినాక ఒదిన ఒక్కతే గంపెత్తాల. రేవులో తెల్లతల కనపడితే సరుకియ్యరు. ముసల్ది, ఏం మోస్తది, బాకీ ఎప్పుడు తీరుస్తదని ఎనక్కి నెట్టేత్తారు. నేనూ ఆ రేవులోనే ఉండేదాన్నిగా, నాకు తెలవదా. తెలిసే అన్నాను."

"మరి ఎందుకన్నావమ్మా?"

నేను వెనక నిలబడి ఉన్నాను, చేతులకి గ్లవుజులు, ఊదా మరకలు. గడియారం నా ఎడమ పక్క గోడకి ఉంది. తల తిప్పితే కనపడుతుంది. నేను తిప్పలేదు. నేను పుట్టి బుద్ధెరిగాక అమ్మ నాతో ఇలా మాట్లాడలేదు, నేను కదిలితే ఆపేస్తుందని భయం వేసింది.

"అందరూ ఒదిన్నే మెచ్చుకుంటన్నారు" అంది చివరికి. "మొగుడు పోయినా నిలబడిందని. నా మొగుడు బతికుండి తాగి పడుకుంటే నేను నిలబడలేదా? నన్నెవరు మెచ్చుకున్నారు? ఒదిన ఆ నల్లతల ఏసుకుని నాముందు నుంచి నడుస్తా ఉంటే కడుపు మండిపోయింది."

ఇంకా చెప్పింది. నాన్న పోయాక తన తల తెల్లబడితే రేవులో తననీ అలాగే వెనక్కి నెట్టేశారట. పక్కన ఆడవాళ్ళు రంగు వేసుకోమన్నారట. నలుగురిలో ఆ మాట అన్న నోటితో ఎలా వేసుకుంటుంది? అందుకే గంప మానేసి ఎండుచేపల్లోకి మారింది. ఎండలో కూర్చుంది. తల పసుపెక్కింది. "నా మాట నాకే తగిలిందే" అంది. ఆమె చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. నేను గ్లవుజులు తీసి, టవల్ అంచుతో తుడిచాను. అప్పుడు గడియారం చూశాను. ఇరవై నాలుగు నిమిషాలు.

కడిగేటప్పుడు సింకులోకి ఊదా నీళ్ళు పోతూనే ఉన్నాయి. ఎప్పుడూ అలాగే పోతాయి కదా అనుకున్నాను. టవల్‌తో అద్ది చూశాను. వంగపువ్వు రంగు. మాడు నుంచి చివరిదాకా ఒకే తీరున, లేత వంగపువ్వు రంగు.

అమ్మ అద్దంలో చూసుకుంది. అరవలేదు. "చెప్పానా లేదా, నీలిమందు ఎక్కువైతే బట్ట పాడవుద్దని" అంది. తడి పాయ ఒకటి వేళ్ళ మధ్య నలిపి, "ఇది రంగేనే" అంది.

నేను వివరించబోయాను. రంగు కాదు, టోనర్, పైపైన పట్టుకుంటుంది, నాలుగైదు తలస్నానాలకి దిగిపోతుంది. నా కస్టమర్లకి చెప్పే పాఠమంతా వల్లించాను. అమ్మ వింటూ కూర్చుంది. ఆదివారం ప్రయాణం సంగతి ఎత్తితే తల అడ్డంగా ఊపింది.

"రంగేసుకున్నావేంటని నలుగురిలో తిట్టినదాన్ని. ఇప్పుడు నేనే రంగేసుకుని పోయి క్షమించమననా? ఎగతాళికి వచ్చాననుకుంటది."

"కొంగు కప్పుకో."

"ఎంతసేపు కప్పుకుంటా? ఒదిన కళ్ళు నీకు తెలవవు."

"పోనీ ఫోన్ చేసి చెప్పు."

"నలుగురిలో అన్న మాట. నలుగురిలోనే తీసుకోవాల. పక్కన కోడలుండాల, ఇరుగూ పొరుగూ ఉండాల. ఫోన్లో గుసగుసలాడితే దొంగతనం అవుద్ది."

మొండితనమని నాకు కోపం వచ్చింది. ఇప్పుడూ ఆ కోపం పోలేదు. ఒక ముసలావిడ మంచంలో ఉంటే, నీ తల రంగు ఎవరు చూస్తారు అని గట్టిగానే అడిగాను. కానీ తప్పు చేసింది నేను, గట్టిగా అడిగే హక్కు నాకు లేదు. లోపల ఎక్కడో అమ్మ చెప్పింది న్యాయంగానే ఉందని కూడా అనిపించింది. ఆ మాట అన్నది జుట్టు గురించి. తీసుకోవడానికి వెళ్ళేటప్పుడు జుట్టు మచ్చ లేకుండా ఉండాలనుకుంది.

ఆ సాయంత్రమే ఇంట్లో మళ్ళీ తల రుద్దాను. మర్నాడు మళ్ళీ. చుండ్రు షాంపూతో, వంటసోడా కలిపి, వేడినీళ్ళతో. కాస్త దిగింది. మూడో రోజుకి అమ్మకి రొంప పట్టి, ఆ రొంప ఛాతీలోకి దిగి, ఊపిరి అందక ఆసుపత్రిలో రెండు రోజులు ఉండాల్సి వచ్చింది. డాక్టరు నా వైపు చూసి, "గుండె జబ్బు మనిషికి రోజూ తలంటు పోస్తారాండీ ఎవరన్నా?" అన్నాడు. మళ్ళీ బ్లీచ్ పెట్టి దింపొచ్చు, కానీ ఆ గుల్లబారిన జుట్టు తట్టుకోదు, ఆ వాసనకి ఆమె ఊపిరి అసలే తట్టుకోదు.

ఇంటికి వచ్చాక అమ్మే తేల్చి చెప్పింది. ఎప్పటిలాగే శనివారం శనివారం తలస్నానం. రంగు పోయాకే ప్రయాణం. అటు అత్త కోడలికి నేను వారానికి రెండు మూడుసార్లు ఫోన్ చేసేదాన్ని. "అట్టానే ఉన్నారండీ, జావ తాగుతున్నారు" అనేది ఆ అమ్మాయి. అమ్మ వస్తుందని చెప్పమన్నాను. ఎందుకో చెప్పలేదు, చెప్పొద్దని అమ్మ ఒట్టు పెట్టింది. అత్త ఏమందని అడిగితే, "ఏం అనలేదండీ, గోడ వైపు తిరిగి పడుకున్నారు" అంది.

మొదటి శనివారానికి వంగపువ్వు కాస్తా వెలిసింది. రెండో శనివారానికి, నీడలో చూస్తే బూడిద రంగులా ఉంది. ఏ కాలేజీ పిల్లయినా చూస్తే అదే కావాలని నా ప్రాణం తీసేది. మూడో శనివారం తల ఆరాక చేతి అద్దం ఇచ్చాను. "ఇక కనపడట్లేదమ్మా, రేపు పోదాం" అన్నాను. అమ్మ అద్దం పట్టుకుని బాల్కనీలోకి నడిచింది. ఎండలో తల వంచి, పాయ పాయ విడదీసి చూసుకుంది.

"కనపడతంది" అంది.

నేను పరుగున వెళ్ళి చూశాను. నిజమే. చెవుల వెనక, మెడ మీద కింది జుట్టులో ఊదా జీర ఇంకా ఉంది. పనిలో నా కన్ను కంటే ఆమె కన్నే నయం. చూసి కూడా, లేదమ్మా, ఎండకి నీకు అలా అనిపిస్తోంది అని అబద్ధం చెప్పాను. ఆమె నమ్మలేదు. "ఇంకొక్క వారం. ఇంతకాలం ఆగినదాన్ని" అంది. చెయ్యి పట్టుకుని కారెక్కించి ఉండాల్సింది. ఎందుకు ఎక్కించలేదో ఇప్పటికీ తెలియదు. తప్పు నాది కాబట్టి ఆమె పెట్టిన గడువుకి తలవంచానేమో.

గురువారం పొద్దున అత్త కొడుకు, బావ, ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది" అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి అమ్మకి చెప్పాను. పొయ్యి మీద పాలు ఉన్నాయి. అమ్మ పొయ్యి కట్టేసి, చేతులు కడుక్కుని, "పదవే" అంది. తల దువ్వుకోలేదు. కొంగు కప్పుకోమని నేను అనలేదు, ఆమె కప్పుకోలేదు.

అద్దె కారులో ఉయ్యూరు మీదుగా బయల్దేరాం. పామర్రులో అమ్మ ఆపమని, దండ తనే దిగి బేరమాడి తీసుకుంది. దండ ఒళ్ళో పెట్టుకుని, బందరు దాకా పూలు సర్దుతూనే ఉంది. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. మాగాణి అంతా కోతలై, మోళ్ళు మిగిలాయి.

అత్తని అరుగు మీద పడుకోబెట్టారు. చుట్టూ ఆడవాళ్ళు. అమ్మ మెట్లెక్కుతుంటే వాళ్ళు జరిగి దారి ఇచ్చారు, అప్పుడు ఎండ సూటిగా అమ్మ తల మీద పడింది. అందరూ చూశారు. ఒకళ్ళిద్దరు ఒకళ్ళ చెవిలో ఒకళ్ళు ఏదో అనుకున్నారు. ఇంట్లో బల్బు కింద బూడిదలా కనపడేది, ఆ ఎండలో స్పష్టంగా ఊదాగా ఉంది.

అత్త జుట్టు తెల్లగా ఉంది. పత్తిలాంటి తెలుపు. పసుపు లేదు, నలుపు లేదు. మంచంలో ఉన్నన్ని రోజులూ కోడలు శుభ్రంగా చూసుకున్నట్టుంది, నూనె రాసి వెనక్కి దువ్వి ఉంది. నేను పని చేసే మనిషిని, నాకు ముందు తలలే కనపడతాయి. పక్కపక్కనే ఆ రెండు తలలూ చూసి అక్కడి నుంచి పారిపోదామనిపించింది.

అమ్మ తలాపున కూర్చుంది. దండ వేసింది. ఆ తెల్లజుట్టులో వేళ్ళు పెట్టి నిమిరింది. నన్ను దగ్గరికి పిలిచి, మామూలు గొంతుతో అడిగింది.

"కొట్లో నల్లరంగు పాకెట్ దొరుకుద్దిగా. తెప్పించవే. ఒదినకేద్దాం."

బావ అక్కడే స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. అతను విన్నాడు. విసుక్కోలేదు, గొంతు పెంచలేదు.

"వద్దత్తా. నాన్న సంవత్సరీకం రోజు రాత్రి, మిగిలిన పాకెట్ తీసి పొయ్యిలో పడేసింది. మళ్ళీ ముట్టుకోలేదు. రేవుకి కూడా పోలేదు. రొయ్యల కంపెనీలో తలకాయలు గిల్లడానికి పోయేది" అన్నాడు. "ఇప్పుడెందుకులే."

రొయ్యల కంపెనీ సంగతి అమ్మకి తెలియదు, నాకూ తెలియదు. పొద్దున్నుంచి రాత్రిదాకా ఐసు నీళ్ళలో చేతులు పెట్టి నిలబడే పని అది. చేపని పాడి కొనే మనిషికి అది చాలా కింది పని. అమ్మ వంగి అత్త చేతిని దుప్పటి కింది నుంచి బయటికి తీసింది. వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి, ముడతలు పడి, గోళ్ళు అరిగిపోయి ఉన్నాయి. ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని అమ్మ మొదలుపెట్టింది.

"ఒదినో, నేనే అన్నానొదినో... తెలిసే అన్నానొదినో... కడుపుమంటతో అన్నానొదినో... నలుగురిలో అన్న మాట నలుగురిలో తీసుకుంటన్నానొదినో... నన్ను క్షమించానని ఒక్క మాటనవే ఒదినో..."

అమ్మకి రాగం తీయాలని లేదు. ఏడుపుకి ఊపిరి అందక, గుండె జబ్బు మనిషి, మాట మాటకీ ఆగి లాగుతుంటే అది రాగమైంది. అచ్చంగా చావింట్లో ఆడవాళ్ళు శోకాలు పెట్టినట్టే ఉంది. ప్రతి చావింట్లోనూ ఎవరో ఒకరు నన్ను క్షమించు అంటూనే ఉంటారు, నీకు అన్నం పెట్టలేదు, నిన్ను చూడ రాలేదు అంటూనే ఉంటారు. ఆ సంవత్సరీకం నాడు వరసలో కూర్చుని నవ్విన ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు అక్కడే ఉన్నారు. వాళ్ళ ముఖాల్లోకి చూశాను. వాళ్ళకి గుర్తున్నట్టు లేదు. కళ్ళు తుడుచుకుంటున్నారు.

నా పక్కన కూర్చున్న పెద్దావిడ నా మోకాలి మీద చెయ్యి వేసింది. "మీ అమ్మకి ఆడబిడ్డంటే ఎంత పేణమో చూడమ్మా. ఈ రోజుల్లో ఎక్కడ చూత్తాం" అంది.

"అవునండీ" అన్నాను.

అమ్మ ఇంకా చెబుతూనే ఉంది. గంప సంగతి, రేవు సంగతి, ఎవరికోసం ఆ నలుపు అని తను అడిగిన సంగతి, వరసగా అన్నీ చెబుతోంది. ఇంతలో చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఏడుపు అందుకున్నారు. ఆ తర్వాత ఆమె మాటలు పక్కనే ఉన్న నాకు కూడా వినపడలేదు.